డాలర్ రేటు కూడా ఒక ఫీజే



గత పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి మార్కుల గురించి మాట్లాడదామని కూర్చున్నాను. ముగ్గురు పేరెంట్స్ మార్కుల కంటే ముందు ఇదే అడిగారు: "మేడమ్, ఇంజినీరింగ్ అయ్యాక వీణ్ణి అమెరికా పంపాలంటే ఇప్పటి నుంచి ఎంత దాచాలి?"

నేను ఒక అంకె చెప్పలేకపోయాను. ఎందుకంటే ఫీజు డాలర్లలో ఉంటుంది, మన జీతం రూపాయల్లో వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండే మారకం రేటు రోజూ కదులుతూ ఉంటుంది. డిగ్రీలో, ఎంబీఏలో 'ఇంటర్నేషనల్ ఫైనాన్స్' అనే సబ్జెక్టు తెరిస్తే మొదట ఎదురయ్యే పాఠాల్లో ఇదొకటి. ఆ పుస్తకం మీ పిల్లల చేతికి రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లు పడుతుంది. కానీ ఆ పాఠం వాళ్లకూ మనకూ ఇప్పుడే అవసరం.

మా ఇంట్లో జరిగిన లెక్క

మా తమ్ముడు 2021 ఆగస్టులో ఎంఎస్‌కు వెళ్లాడు. సెమిస్టర్ ఫీజు సుమారు 10,000 డాలర్లు, మొత్తం నాలుగు సెమిస్టర్లు. అప్పుడు డాలర్ 74 రూపాయలు. నాన్న కాగితం మీద లెక్క వేశారు: 40,000 డాలర్లు, అంటే 29 లక్షల 60 వేలు. బ్యాంకు 30 లక్షల లోన్ ఇచ్చింది. సరిపోయిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాత జరిగింది ఇదీ (రేట్లు సుమారుగా రాశాను):

• 2021 ఆగస్టు: డాలర్ 74.00, ఫీజు 7.40 లక్షలు
• 2022 జనవరి: డాలర్ 74.50, ఫీజు 7.45 లక్షలు
• 2022 ఆగస్టు: డాలర్ 79.50, ఫీజు 7.95 లక్షలు
• 2023 జనవరి: డాలర్ 82.00, ఫీజు 8.20 లక్షలు

మొత్తం 31 లక్షలు అయింది. యూనివర్సిటీ ఒక్క డాలర్ కూడా పెంచలేదు. అయినా చివరి ఫీజు కట్టే వారంలో మాకు లక్ష రూపాయలు తక్కువ పడ్డాయి. గది అద్దె, తిండి ఖర్చు కూడా అదే రేటున పెరిగాయి, అది వేరే లెక్క. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాం. సోషల్ టీచర్‌ని, క్లాసులో మారకం రేటు పాఠం చెప్పేదాన్ని. మా ఇంటి కాగితం మీద మాత్రం ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మా లోన్ మంజూరైంది రూపాయల్లో. బ్యాంకు ప్రతి సెమిస్టర్‌కూ డబ్బు విడుదల చేసిన రోజున ఏ రేటు ఉంటే ఆ రేటుకే డాలర్లు వస్తాయి. రూపాయి తగ్గితే, అదే లోన్‌కు తక్కువ డాలర్లు వస్తాయి.

ఈ రేటు ఎవరు నిర్ణయిస్తారు?

రైతు బజారులో టమాటా ధర గుర్తు తెచ్చుకోండి. సరుకు తక్కువై కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరుగుతుంది. డాలర్ కూడా అంతే. మనం చమురు, బంగారం, ఎలక్ట్రానిక్స్ దిగుమతి చేసుకోవడానికీ, పిల్లల విదేశీ ఫీజులు కట్టడానికీ డాలర్లు కొంటాం. మన సాఫ్ట్‌వేర్ సేవలు, మందులు, రొయ్యలు అమ్మినప్పుడు, విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇంటికి డబ్బు పంపినప్పుడు డాలర్లు వస్తాయి. కొనేవాళ్లు ఎక్కువైన రోజున డాలర్ పెరుగుతుంది, రూపాయి తగ్గుతుంది.

1993 నుంచి మన దేశంలో ఈ రేటును ప్రధానంగా మార్కెట్టే నిర్ణయిస్తోంది. రిజర్వ్ బ్యాంక్ ఒక రేటును పట్టుకుని కూర్చోదు. ఒడిదుడుకులు మరీ ఎక్కువైనప్పుడు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్ముతుంది, లేదా మార్కెట్లో డాలర్లు కొంటుంది.

2022లో జరిగింది చూడండి. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై చమురు ధర పెరిగింది. మనం వాడే ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతే కాబట్టి మనకు ఎక్కువ డాలర్లు కావలసి వచ్చాయి. మార్చిలో అమెరికా కేంద్ర బ్యాంకు, అంటే ఫెడరల్ రిజర్వ్, వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. సున్నాకు దగ్గరలో ఉన్న రేటు డిసెంబరుకల్లా నాలుగు శాతం దాటింది. అక్కడే మంచి వడ్డీ వస్తుంటే మదుపరులు డబ్బును అటు మళ్లించారు. మన దగ్గర 2021 సెప్టెంబరులో 640 బిలియన్ డాలర్లు దాటిన విదేశీ మారక నిల్వలు 2022 అక్టోబరుకు 530 బిలియన్ల దిగువకు వచ్చాయి. కొంత రిజర్వ్ బ్యాంక్ డాలర్లు అమ్మడం వల్ల, కొంత నిల్వల్లో ఉన్న ఇతర కరెన్సీల విలువ తగ్గడం వల్ల. ఎక్కడో జరిగిన యుద్ధం, ఎక్కడో పెరిగిన వడ్డీ మా అమ్మ గాజుల దాకా వచ్చాయి. అంతర్జాతీయ ఫైనాన్స్ అంటే ఇదే.

దేశం కూడా బంగారం తాకట్టు పెట్టింది

పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి 1991 కంటే మంచి ఉదాహరణ లేదు. 1990లో గల్ఫ్ సంక్షోభం వల్ల చమురు ధర పెరిగింది, అక్కడ పనిచేసే మనవాళ్లు పంపే డబ్బు తగ్గింది. మన నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపడే స్థితికి వచ్చాయి. 1991 జూన్‌లో పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యారు, మన్మోహన్ సింగ్ గారు ఆర్థిక మంత్రి. జూలై మొదటి వారంలో రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల దగ్గర ఉన్న డాలర్ 26 దగ్గరికి వెళ్లింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంక్ దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. తర్వాత అప్పు తీర్చి విడిపించుకుంది.

ఇల్లయినా దేశమైనా, ఆదాయం ఒక కరెన్సీలో, కట్టాల్సింది మరో కరెన్సీలో ఉన్నప్పుడు కొంత నిల్వ చేతిలో ఉండాలి. 1991 తర్వాత దేశం నిల్వలు పెంచుకోవడం మొదలుపెట్టింది. మన ఇళ్లలో మాత్రం ఇంకా రేటుకు రేటు సరిపెట్టి లెక్క వేస్తున్నాం.

పిల్లలు పొరబడే రెండు విషయాలు

మొదటిది: "మేడమ్, డాలర్‌కు ఎక్కువ రూపాయలంటే మనం పేద దేశం కదా?" కాదు. ఒక డాలర్‌కు వందకు పైగా జపాన్ యెన్‌లు వస్తాయి, జపాన్ పేద దేశం కాదు. ఒక కువైట్ దినార్‌కు మూడు డాలర్లకు పైగా వస్తాయి, అంతమాత్రాన కువైట్ అమెరికా కంటే పెద్ద ఆర్థిక వ్యవస్థ కాదు. అంకె ఎంత అన్నదానికంటే, అది ఎంత వేగంగా, ఎందుకు మారుతోందన్నది ముఖ్యం.

రెండోది పెద్దవాళ్లు కూడా అనే మాట: "వాడు డాలర్లలో సంపాదిస్తాడు, రూపాయి తగ్గితే మనకే లాభం." ఉద్యోగం వచ్చి, డాలర్లలో జీతం తీసుకుని, రూపాయల లోన్ తీర్చేటప్పుడు అది నిజమే. కానీ చదువు నడిచే రెండేళ్లూ భారం మనదే. పైగా ఉద్యోగం ఎప్పుడు వస్తుందో, అక్కడ వస్తుందో లేదో ముందే చెప్పలేం. రాని జీతాన్ని లెక్కలో వేయకండి.

మీరు ఇప్పుడే చేయగలిగినవి

1. ఒకటి రెండేళ్లలో పంపబోతుంటే, ఈ రోజు రేటుకు కనీసం పది శాతం కలిపి బడ్జెట్ వేయండి. మేమూ అలా వేసి ఉంటే డాలర్‌ను 81 రూపాయలుగా లెక్కించేవాళ్లం, ఆ లోన్‌లో ఫీజు వరకు సరిపోయేది.

2. ఇంకా ఏడెనిమిదేళ్లు ఉంటే పది శాతం చాలదు. 2014 మధ్యలో 60 రూపాయల దగ్గర ఉన్న డాలర్ 2024 చివరికి 85 దాటింది. అలాగని ప్రతి ఏడాదీ పెరిగిందని కాదు, 2017లో రూపాయే బలపడింది. అందుకే ఒక్క అంకె మీద ఆధారపడకుండా రెండు మూడు రేట్లతో లెక్క వేసి ఉంచుకోండి.

3. ఫోన్‌లో వెతికితే కనిపించేది మార్కెట్ రేటు. బ్యాంకు మనకు డాలర్ అమ్మే రేటు దానికంటే ఎక్కువ ఉంటుంది. డాలర్‌కు ఒక్క రూపాయి తేడా అయినా 10,000 డాలర్లకు 10,000 రూపాయలు. రెండు మూడు బ్యాంకుల్లో అదే రోజు, అదే సమయానికి రేటు అడగండి. చార్జీలు, జీఎస్‌టీ విడిగా రాయించుకోండి.

4. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. సొంత డబ్బు ఒక పరిమితి దాటి పంపితే బ్యాంకు టీసీఎస్ వసూలు చేస్తుంది. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, కానీ పంపే రోజున చేతిలో ఉండాలి. ఈ నిబంధనలు బడ్జెట్‌లో మారుతుంటాయి కాబట్టి, ఆ ఏడాది నియమం మీ బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

5. లోన్ తీసుకునేటప్పుడు "రూపాయి తగ్గితే లోన్ మొత్తం పెంచుతారా?" అని ముందే అడగండి. మేము అడగలేదు.

ఈ నెల ఇంటి పని: పిల్లలకూ, మీకూ

ఎనిమిదో తరగతి, ఆపైన చదివే పిల్లలతో ఒక నోట్‌బుక్ పెట్టించండి. ప్రతి నెలా ఒకటో తారీఖున మూడు అంకెలు రాయించండి: డాలర్ రేటు, గ్రాము బంగారం ధర, లీటరు పెట్రోలు ధర. పక్కనే 10,000 డాలర్లకు ఎన్ని రూపాయలో వాళ్లతోనే లెక్క కట్టించండి. ఆరు నెలల తర్వాత గ్రాఫ్ గీయమనండి. "ఈ నెల ఎందుకు మారింది?" అని అడిగి, జవాబు పేపర్లో వెతకమనండి. జవాబు తప్పయినా ఫర్వాలేదు, వెతకడం అలవాటవ్వాలి.

ఒక్క మనవి. ఇంటి డబ్బు లెక్కలు పిల్లల ముందు మాట్లాడితే వాళ్ల మీద ఒత్తిడి పడుతుందని చాలామంది దాస్తారు. మా ఇంట్లోనూ దాచారు. గాజుల సంగతి తమ్ముడికి తెలిసింది చదువు పూర్తయ్యాకే. "ముందే చెప్పి ఉంటే పార్ట్‌టైమ్ డబ్బుతో కొన్నవి కొన్ని మానుకునేవాణ్ణి కదక్కా" అన్నాడు. భయపెట్టకుండా, వయసుకు తగినట్టు, లెక్క చూపించండి. అర్థం చేసుకోగలిగిన పిల్లలే వాళ్లు.

ఆ నోట్‌బుక్ వచ్చే మీటింగ్‌కు తీసుకురండి. మార్కుల కంటే ముందు అదే చూద్దాం.

ఇట్లు,
మీ పిల్లల సోషల్ టీచర్