పావగడకు తుంగభద్ర నీరు: భూమి, పరిహారం, గడువులపై తరచూ అడిగే ప్రశ్నలు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని నది ఉన్నా ఏడాది పొడవునా పారదు. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే తుంగభద్ర జలాశయం వెనుక జలాలను పైపుల ద్వారా తెచ్చే బహుగ్రామ తాగునీటి పథకం వచ్చింది. ఈ వ్యాసంలో ‘పథకం’ అంటే అదే. ‘చట్టం’ అంటే 2013 నాటి భూసేకరణ చట్టం. ‘హక్కుదారు’ అంటే భూమిలో యాజమాన్యం, కౌలు లేదా దారి వంటి ఏదైనా హక్కు ఉన్న వ్యక్తి.

1. పథకం కోసం నోటీసు లేకుండా నా పొలంలో పైపు వేయవచ్చా?
చట్టబద్ధమైన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగం 300ఎ అధికరణం చెబుతోంది. నోటీసు, వాదన వినిపించే అవకాశం, న్యాయమైన పరిహారం ఈ హక్కులో భాగమేనని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వస్తున్నారో రాతపూర్వకంగా అడగండి. అయితే మీరే సమ్మతి పత్రం ఇస్తే పరిస్థితి మారుతుంది. భూమిని పూర్తిగా ఇస్తున్నారా, వాడుక హక్కు మాత్రమేనా, పట్టీ వెడల్పు ఎంత, పంట నష్టం ఎవరు చెల్లిస్తారు అన్నవి అందులో లేకపోతే సంతకం చేయకండి.

2. చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. గడువెంత?
ప్రచురణ తేదీ నుంచి 60 రోజుల్లోగా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా దాఖలు చేయాలి (సెక్షన్ 15). గెజిట్, పత్రికలు, పంచాయతీ కార్యాలయాల్లో ప్రచురణ తేదీలు వేర్వేరుగా ఉంటే అన్నిటికన్నా ముందున్న తేదీ నుంచే లెక్కించుకోవడం క్షేమం. సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు, చెట్లు మీ పహణి (భూమి హక్కుల పత్రం)తో సరిపోయాయో చూడండి. పహణిలో తాత పేరే మిగిలి ఉంటే వారసత్వ మార్పు అర్జీ వెంటనే పెట్టాలి. అభ్యంతరం నకలు మీద తేదీ, ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరవకండి. తర్వాత వివాదం వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

3. భూమిని సోలార్ పార్కుకు లీజుకిచ్చాను. పరిహారం ఎవరికి?
లీజుకిచ్చినా యజమాని మీరే, అయితే లీజుదారు కూడా హక్కుదారే. ఎవరి వాటా ఎంతన్నది ఒప్పందం నిబంధనల మీద ఆధారపడుతుంది. ఒప్పందం నకలు జతచేసి ఇద్దరూ విడివిడిగా క్లెయిం వేయడం మంచిది.

4. అవార్డు (పరిహార నిర్ణయ ఉత్తర్వు) మొత్తం తక్కువైతే?
మార్కెట్ విలువకు గ్రామీణ ప్రాంతంలో 1 నుంచి 2 వరకు గుణకం, ఆపై 100 శాతం సొలేషియం (అదనపు పరిహారం) వర్తిస్తాయి. అవి లెక్కలో ఉన్నాయో లేదో సరిచూడండి. అంగీకారం కాకపోతే రిఫరెన్స్ (వివాదాన్ని ప్రాధికార సంస్థకు పంపడం) కోరుతూ సెక్షన్ 64 కింద దరఖాస్తు చేయాలి. అవార్డు ప్రకటించినప్పుడు మీరు హాజరై ఉంటే ఆ తేదీ నుంచి 6 వారాలు గడువు. హాజరు కాకపోతే నోటీసు అందిన తేదీ నుంచి 6 వారాలు లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది. డబ్బు తీసుకునేటప్పుడు ‘నిరసనతో స్వీకరించాను’ అని రాయండి.

5. అర్జీ తెలుగులో ఇవ్వవచ్చా?
ఇవ్వవచ్చు. ఫిర్యాదు పరిష్కారం కోసం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు 350వ అధికరణం కల్పిస్తోంది. జవాబు కన్నడంలో రావచ్చు కాబట్టి కన్నడ ప్రతి జతచేస్తే ఆలస్యం తగ్గుతుంది.

6. పైపు మార్గం పటం ఎలా తెలుసుకోవాలి?
సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి. కర్ణాటక నియమాల ప్రకారం అర్జీ ఒకే విషయంపై, 150 పదాలకు మించకుండా ఉండాలి. 30 రోజుల్లో సమాచారం రాకపోయినా, నిరాకరించినా, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

7. కుళాయి వచ్చినా నీళ్లు రాకపోతే?
జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. కొరతను గ్రామసభ తీర్మానంలో నమోదు చేయించండి. ఈలోగా బోరు నీరే తాగాల్సి వస్తే పరీక్ష చేయించండి: ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

8. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే?
మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. ఇలాంటి మినహాయింపు లేని మిగతావారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ప్రతి కేసు పత్రాలను బట్టి మారుతుంది కనుక, నోటీసు అందిన వారంలోపే దాన్ని తాలూకా న్యాయసేవల సమితికి చూపించండి.