నేలకొరిగిన చెట్ల సాక్ష్యం

ఈ సంచికకు సైన్సు వ్యాసం రాయమన్నారు. ఎం.ఎస్సీ. జియాలజీ క్లాసులో విన్నవాటిలో నా మనసులో నిలిచిపోయిన సంగతి ఒకటి మీ ముందుంచుతున్నాను.

న్యూజిలాండ్ ఉత్తర దీవి మధ్యలో టౌపో సరస్సు ఉంది. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ నీటి అడుగున ఉన్నది అగ్నిపర్వతం. సుమారు 1,800 ఏళ్ల క్రితం అది పేలింది. మండే బూడిద, నురగరాళ్లు, వాయువులు కలిసిన ప్రవాహం నాలుగు దిక్కులా 80 కిలోమీటర్ల దాకా దూసుకుపోయింది. 20,000 చదరపు కిలోమీటర్ల నేలను కప్పేసింది. దాని వేగం గంటకు 600 కిలోమీటర్ల పైమాటే అని అంచనా.

దాన్ని చూసి చెప్పిన మనిషి లేడు. మావోరీల పూర్వీకులు అక్కడికి చేరింది 13వ శతాబ్దం ప్రాంతంలోనే. అందుకని 1980లో కొందరు శాస్త్రవేత్తలు రోము, చైనాల పాత రాతలు వెదికారు. ఆకాశం వింతగా ఎర్రబడిందని వాటిలో ఉంది. దాన్నిబట్టి పేలుడు క్రీ.శ. 186లో జరిగిందన్నారు. రాతలో ఉంది కదా అని చాలామంది నమ్మారు కూడా.

అసలు సాక్షులు మట్టి కింద ఉన్నాయి. సరస్సుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన ప్యురేయోరా అనే చోట ఒక అడవి మొత్తం పూడిపోయి బయటపడింది. అంత దూరంలోని చెట్లను కూల్చడానికి ఆ ప్రవాహానికి అయిదు నిమిషాలు పట్టి ఉంటుందేమో! మొదళ్లు సరస్సు వైపు, తలలు అవతలి వైపు పెట్టి మానులు పడి ఉన్నాయి. దెబ్బ ఎటునుంచి వచ్చిందో చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు. నేల చిత్తడిగా ఉండటంవల్ల కలప కుళ్లలేదు. బెరడు కింది ఆఖరి వలయాన్నీ, అక్కడి కాయల్నీ గింజల్నీ పరీక్షిస్తే వేసవి ముగిసి ఆకురాలు కాలం మొదలయ్యే వేళ అని తేలింది. అంటే అక్కడి లెక్కన మార్చి, ఏప్రిల్ నెలలు.

ఋతువు తెలిసింది, ఏడాది తెలియాలి. మా నాయనమ్మకు తేదీలు తెలియవు. "ఉప్పెన వచ్చినప్పుడు మీ నాన్న పాలు తాగే బిడ్డ" అంటుంది. దివిసీమ ఉప్పెన 1977 కాబట్టి నాన్న వయసు మేం కట్టుకుంటాం. ఇక్కడా అదే పద్ధతి. గాలిలో కార్బన్-14 పాలు ఏటేటా కొద్దిగా మారుతుంది, ఆ మార్పు వలయాల్లో నిలిచిపోతుంది. కూలిన చెట్టు వలయాల వరుసను, వయసు తెలిసిన కౌరీ చెట్ల వరుసతో కలిపి చూశారు. 2012లో వచ్చిన జవాబు క్రీ.శ. 232, పదేళ్లు అటూ ఇటూగా. 186 నిలవలేదు.

2018లో ఈ సాక్షిని కూడా నిలదీశారు. అగ్నిపర్వతం ముందే వదిలిన బొగ్గుపులుసు వాయువులో కార్బన్-14 ఉండదు, దాన్ని పీల్చిన చెట్టు ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది, కాబట్టి పేలుడు ఇంకా తర్వాతదే అని వాదన. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెట్టుతో సంబంధం లేని చోట దొరికింది. అంటార్కిటికా మంచులో 279 మీటర్ల లోతున టౌపో గాజు రేణువులు ఏడు కనిపించాయని 2023లో ప్రకటించారు. ఆ మంచు పొర వయసు క్రీ.శ. 230 ప్రాంతం.