ఒక మధ్యాహ్నం, రెండు వైనరీలు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. అక్టోబరు మొదట్లో అక్కాబావ వస్తున్నారు. కుటుంబాలు నడిపే చిన్న వైనరీలు చూపించాలని ఉంది. అక్క మద్యం ముట్టదు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: నాపా వదిలేసి సొనోమా కౌంటీలోని డ్రై క్రీక్ వ్యాలీకి వెళ్లండి. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సుమారు 70 మైళ్ల దూరంలో ఉన్న హీల్డ్స్‌బర్గ్ పక్కనే ఈ లోయ. జిన్‌ఫాండెల్ ద్రాక్షకు పేరు. తోట, తయారీ, అమ్మకం అన్నీ ఒకే ఇంటివాళ్లు చూసుకునే చోట్లు ఇక్కడ దొరుకుతాయి.

రెండే పెట్టుకోండి. మూడోచోటికి చేరేసరికి నాలుకకు రుచి తెలియదు, కబుర్లకు ఓపిక ఉండదు. చిన్నచోట్ల అసలు సంపద ఆ కబుర్లే.

మీరు వెళ్లేది కోతలు ముగిసే రోజులు. రెడ్ వైన్‌కి ద్రాక్షరసాన్ని తొక్కలతోనే పులియబెడతారు. లోపల పుట్టే గ్యాస్ తొక్కలను పైకి నెట్టి మందంగా పేరుస్తుంది. రంగు దిగడానికి వాటిని రోజూ కిందికి అదుముతారు. ముందే ఫోన్ చేసి, ఆ పని చూపించగలరా అని అడగండి. అక్కగారికి గ్లాసుకన్నా అదే నచ్చుతుంది. ఎందరు వస్తున్నారో, ఒకరు తాగరని కూడా అప్పుడే చెప్పండి; రుసుము కనుక్కోండి. రుచి చూసి బకెట్లో ఉమ్మేయడం అక్కడ మర్యాద తప్పడం కాదు.

డ్రైవరును మాత్రం తప్పక పెట్టుకోండి. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే అక్కడ నేరం. అంతకన్నా తక్కువైనా, తడబడుతూ నడిపితే కేసే. వీసాపై ఉన్నవాళ్లకు అలాంటి అరెస్టు ఒక్కటే వీసా రద్దుకు దారితీయవచ్చు.