దక్షిణాకాశానికి కెమెరా గురిపెడితే: సందేహాలు - సమాధానాలు

అనంతపురం నుంచి ఒక పాఠకుడు: కెరీనా నీహారిక, ఒమేగా సెంటారి తారాగుచ్ఛం దక్షిణార్ధగోళం వాళ్లకే కనిపిస్తాయని మిత్రులు అంటున్నారు. నా దగ్గర డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ మాత్రమే ఉన్నాయి. ప్రయత్నించవచ్చా?

నిక్షేపంగా ప్రయత్నించండి. మీ మిత్రుల మాట లండన్ వాళ్లకు వర్తిస్తుంది, మనకు కాదు. లెక్క చిన్నదే. 90 లోంచి మీ ఊరి అక్షాంశం తీసేయండి. ఆ నీహారికో గుచ్ఛమో ఖగోళ మధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు దక్షిణాన ఉందో చూసి అదీ తీసేయండి. మిగిలిందే దక్షిణ దిక్కున అది చేరే గరిష్ఠ ఎత్తు. అనంతపురం అక్షాంశం 14.7. ఒమేగా సెంటారి 47.5 డిగ్రీలు దక్షిణాన ఉంది కనుక దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కెరీనా 60 డిగ్రీల దగ్గర ఉంది, 15 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే పిడికిలిన్నర ఎత్తు. దక్షిణాన గుట్టగానీ, ఊరి దీపాల వెలుగుగానీ అడ్డం లేని పొలంగట్టు వెతుక్కోండి. లెన్సు మార్చడం కన్నా చోటు మార్చడం వల్లే ఎక్కువ లాభం.

ఉగాదికి ముందొచ్చే అమావాస్య, దాని తర్వాతి అమావాస్య మీకు మంచి రోజులు. ఏప్రిల్ నడిమికి కెరీనా రాత్రి 9 గంటలకు నేరుగా దక్షిణాన ఉంటుంది. ఒమేగా సెంటారి అర్ధరాత్రికి అక్కడికి చేరుతుంది.

చుక్కల వెంట కెమెరాను తిప్పే ట్రాకర్ లేదని దిగులు పడకండి. ఖగోళ మధ్యరేఖ దగ్గరి చుక్కలు ఆకాశంలో వేగంగా జరుగుతాయి, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ నెమ్మదిస్తాయి. 60 డిగ్రీల దగ్గర ఆ వేగం సరిగ్గా సగం. చిన్న సెన్సర్ కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెట్టి తీస్తే చిత్త నక్షత్రం నాలుగైదు సెకన్లకే గీతగా సాగుతుంది; కెరీనా దగ్గర 8 సెకన్లు నిశ్చింతగా తీయవచ్చు. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, రా ఫార్మాట్. చిత్తనే తెరమీద పదింతలు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా ఫోకస్ రింగు తిప్పి, రింగు కదలకుండా టేపు అంటించండి. 8 సెకన్ల ఫొటోలు 300 తీస్తే 40 నిమిషాల వెలుతురు పోగవుతుంది. పది నిమిషాలకోసారి ఫ్రేము సరిచేసుకోండి. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ రెండూ ఉచితమే. ఇవి ఆ ఫొటోలన్నిటినీ పేర్చి ఒక్కటి చేస్తాయి. 100 ఫొటోలు పేరిస్తే గరుకు పదోవంతుకు తగ్గుతుంది. లెన్సు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో 20 డార్క్ ఫ్రేములు తీయడం మరవద్దు. ఏప్రిల్ వేడికి సెన్సర్‌లో పుట్టే ఎర్రచుక్కలు వాటితోనే పోతాయి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు: డబ్బు కూడబెట్టుకుని లద్దాఖ్‌లోని హాన్లేకు వెళ్లాలనుకుంటున్నాను. కెరీనా అక్కడ ఇంకా బాగా వస్తుంది కదా?

అక్కడ కెరీనా అసలు ఉదయించదు. హాన్లే అక్షాంశం దాదాపు 33 డిగ్రీలు. 57 డిగ్రీలకన్నా దక్షిణాన ఉన్నవేవీ అక్కడి దిగంతం దాటి పైకి రావు. ఒమేగా సెంటారి కూడా పదో డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది. ఓరియన్ కోసమో పాలపుంత కోసమో అయితే తప్పక వెళ్లండి, అంత చీకటి ఆకాశం మన దేశంలో అరుదు. దక్షిణపు సంపద కోసమైతే దక్షిణానికే పోవాలి. తమిళనాడులోని కావలూరులో వేణు బాపు వేధశాల ఉంది. ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం, భూమధ్యరేఖకు దగ్గరగా ఉండి దక్షిణాకాశం కూడా అందడమే.

నెల్లూరు నుంచి ఒక విద్యార్థి: పత్రికల్లో కెరీనా ఎర్రగా మండుతూ ఉంటుంది. బైనాక్యులర్స్‌లో చూస్తే బూడిదరంగు మరక. ఆ రంగు నిజమేనా?

నిజమే. మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు, అంతే. అక్కడి వేడి నక్షత్రాల అతినీలలోహిత కిరణాలకు హైడ్రోజన్ ఉత్తేజితమై 656 నానోమీటర్ల ఎర్ర కాంతి విడుస్తుంది. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. మీ ఫొటోలో నీహారిక పాలిపోయిన గులాబీగా వస్తే తప్పు మీది కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతులను మాత్రమే వదిలే ఫిల్టర్లు నీహారికలకు బాగా పనికొస్తాయి. గుచ్ఛాలకు మాత్రం వాడకండి. నక్షత్రం అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది, ఫిల్టర్ పెడితే దాని వెలుగే పోతుంది. సల్ఫర్ కాంతిని ఎరుపుగా, హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా చూపించే పద్ధతి కూడా ఉంది. అది శాస్త్రానికి ఉపయోగమే. కానీ అలా మార్చిన ఫొటో నలుగురికీ చూపేటప్పుడు, రంగులు మార్చామని కింద రాయడం ధర్మం.

మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకుడు: కొత్తగా ట్రాకర్ కొన్నాను. ఇండియాలో అయితే ధ్రువ నక్షత్రానికి గురిపెట్టేవాణ్ని. ఇక్కడ దేనికి పెట్టాలి?

దక్షిణ ధ్రువానికి ఒక డిగ్రీ దూరంలో సిగ్మా ఆక్టాంటిస్ ఉంది. దాని ప్రకాశం 5.4, నగరంలో కంటికి ఆనదు. పోలార్ స్కోపులో ఆక్టాన్స్ మండలపు నాలుగు మసక చుక్కల చతుర్భుజం కోసం వెతకాలి. మొదట దిక్సూచితో అసలు దక్షిణం (అయస్కాంత దక్షిణం కాదు) చూసుకుని, ట్రాకర్‌ను 38 డిగ్రీలకు వంచండి. చతుర్భుజం దొరక్కపోతే, ఖగోళ మధ్యరేఖ మీద నడినెత్తి గీత దగ్గరి చుక్కను ఐదు నిమిషాలు గమనించండి. అది ఉత్తరానికో దక్షిణానికో జారుతుంటే, జారడం ఆగేదాకా ట్రాకర్‌ను పక్కకు జరపండి. తర్వాత తూర్పున కిందికున్న చుక్కతో ఇలాగే చేసి, ఈసారి వంపు సరిచేయండి.

మీ ఊళ్లో కెరీనా అస్తమించనే అస్తమించదు. అయినా ముందు 47 టుకానే తారాగుచ్ఛంతో మొదలుపెట్టండి. అక్టోబరు రాత్రుల్లో బాగా పైకి వస్తుంది, చిన్న మెజెల్లానిక్ మేఘమండలం పక్కనే కనిపిస్తుంది. మేఘమండలం మనకు సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాల దూరం, గుచ్ఛం 15 వేలే. నడిబొడ్డు తెల్లగా మాడిపోకుండా 5 సెకన్ల ఫొటోలు కొన్ని, అంచుల్లోని చుక్కల కోసం 60 సెకన్లవి కొన్ని తీసి కలపండి.