సహేలు మెట్టభూములలో గోతుల సేద్యము

మన మెట్ట రైతులు తరతరములుగా పండించుచున్న సజ్జ, జొన్న పైరులు రెండును ఆఫ్రికా ఖండమున పుట్టినవే. వేల సంవత్సరముల క్రిందట అవి అక్కడి నుండి మన దేశమునకు చేరినవి. సహారా ఎడారికి దక్షిణమున తూర్పు పడమరలుగా వ్యాపించియున్న సహేలు అను మెట్ట ప్రాంతమున నేటికిని వీటినే ముఖ్యాహారముగా పండించుచున్నారు. ఆ ప్రాంతపు చిన్న రైతులు గడచిన నలుబది సంవత్సరములకు పైగా, వానలు నమ్మరానివై నేల చెడిపోయిన స్థితిలో, కొన్ని పద్ధతులను అవలంబించి తమ చేలను తిరిగి సాగులోనికి తెచ్చుకొనిరి. ఆ పద్ధతులు ఎట్టివి, రైతులు వాటిని ఎందువలన స్వీకరించిరి, కొందరు ఎందువలన స్వీకరింపలేకపోయిరి అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడినవి.

బుర్కినా ఫాసో దేశమును 1984 వరకు అప్పర్ వోల్టా అని పిలిచెడివారు. ఆ దేశపు ఉత్తర భాగమున యాతెంగా అను మండలము కలదు. అచట సంవత్సరమునకు సుమారు 400 మొదలు 700 మిల్లీమీటర్ల వర్షము కురియును. అనంతపురం మెట్టలను ఎరిగినవారికి ఈ లెక్క క్రొత్త కాదు. అయితే అక్కడ జూన్ నుండి సెప్టెంబరు వరకే వానలు. మిగిలిన ఎనిమిది నెలలు వాన చాల అరుదు. 1968 నుండి 1973 వరకును, మరల 1983, 1984 సంవత్సరములలోను అచట తీవ్రమైన అనావృష్టి కలిగెను. పైరు లేక బోడియైన నేలపై వానచినుకులు పడగా, మట్టి మెత్తబడి, పిదప ఎండి, పెంకువలె గట్టిపడెను. అట్టి నేలపై ఎంత వాన కురిసినను ఇంకక పారిపోవును. ఆ నేలను అక్కడివారు జిపెలే అందురు. దానిలో గడ్డియైనను మొలవదు.

దీనిని బాగుచేయుటకు ప్రభుత్వము ప్రయత్నింపలేదని కాదు. 1962 నుండి 1965 వరకు పెద్ద యంత్రములతో లక్ష హెక్టార్లకు మించిన భూమిలో మట్టికట్టలు వేయించిరి. ఆ కట్టలు వాననీటిని చేని నుండి ప్రక్కకు మళ్ళించుటకు ఉద్దేశింపబడినవి. రైతుకు కావలసినది ఆ నీరు చేనిలోనే నిలుచుట! ఆ సంగతి రైతును అడిగినవారు లేరు. కట్టలు తెగినపుడు వాటిని బాగుచేసినవారును లేరు. కొద్ది సంవత్సరములలోనే అవి రూపుమాసిపోయినవి.

గోతులు త్రవ్వు విధము

యాతెంగా రైతులు పూర్వము నుండియు చెడిన నేల తునకలలో చిన్న గోతులు తీసి విత్తుచుండిరి. దీనిని జాయి అందురు. గోతిని పెద్దది చేసి, అందులో పశువుల ఎరువు వేయుట మాత్రము 1980 ప్రాంతమున కొందరు రైతులు స్వయముగా చేసిన మార్పు. వారిలో వాయిగుయా పట్టణమునకు సమీపమున గల గుర్గా గ్రామవాసి యాకూబా సావదోగో మిక్కిలి పేరుపొందెను. పని ఆరంభించినపుడు ఇరుగుపొరుగువారు ఆయనకు మతి చలించినదనిరి. ఆయన పెంచిన చెట్లకు నిప్పు కూడ పెట్టిరి. ఆయన పని మానలేదు. 1984 నుండి సంవత్సరమునకు రెండు పర్యాయములు తన పొలముననే రైతుల సంత జరిపి, గోతుల పనిని అందరికిని చూపుచు, విత్తనములు మార్చుకొనునట్లు చేసెను. 2018లో రైట్ లైవ్లీహుడ్ బహుమతి ఆయనకు లభించెను. 2023 డిసెంబరులో ఆయన మరణించెను.

గోతులను ఎండకాలముననే త్రవ్వవలెను. గోతి వెడల్పు ఒక జానెడు, లేక కొంచెము ఎక్కువ. లోతు నాలుగు మొదలు ఎనిమిది అంగుళములు. గోతికి గోతికి మూడడుగుల ఎడము ఉంచినచో ఎకరమునకు సుమారు 4,800 గోతులు పట్టును. ఒక వరుసలోని గోతులు పై వరుసలోని సందులకు ఎదురుగా వచ్చునట్లు త్రవ్వవలెను. అట్లయిన పై వరుస తప్పించుకొని వచ్చిన నీటిని క్రింది వరుస పట్టుకొనును. తీసిన మట్టిని గోతికి పల్లపు వైపున అర్ధచంద్రాకారముగా పోయుదురు. ఈ మట్టిని ఎగువన పోసినచో ప్రయోజనమంతయు పోవును. పారివచ్చు నీటికి అదియే అడ్డుపడును.

ఎండకాలపు గాలికి ఆకులు, దుమ్ము కొట్టుకొనివచ్చి గోతులలో చేరును. వానలకు ముందు గోతికి సుమారు పావు కిలో చొప్పున చివికిన ఎరువు వేయుదురు. అనగా ఎకరమునకు 1,200 కిలోలు. చేనంతటను చల్లినచో ఈ ఎరువు కంటికి కూడ ఆనదు. చెదలు పైరుకు శత్రువని మనమందరము ఎరుగుదుము. ఇక్కడ మాత్రము అవి కూలి అడుగని పనివాండ్రు. ఎరువునకు, చెత్తకు ఆశపడి చెదలు గోతులలో చేరి, గట్టి పొరను తొలిచి సన్నని బిలములు చేయును. వాన కురిసినపుడు నీరు ఆ బిలముల గుండా లోతుకు ఇంకును. గోతిలో పడిన వానయే కాక, నడుమనున్న గట్టినేలపై పడిన వాన కూడ పారి గోతిలోనికే వచ్చును. కావున విత్తిన పిమ్మట రెండు మూడు వారములు వాన మొగము చాటువేసినను మొలక బ్రతుకును.

ఏమియు పండని నేలలో ఈ పద్ధతి వలన వాన తక్కువైన సంవత్సరమున హెక్టారుకు 300 మొదలు 400 కిలోల ధాన్యము, మంచి సంవత్సరమున 1,500 కిలోల వరకు లభించినట్లు లెక్కలు కలవు. మన ఎకరముల లెక్కన 120 మొదలు 600 కిలోలు. ఇది గొప్ప పంట కాదు. కాని రైతు దీనిని పోల్చుకొనినది మంచి భూమితో కాదు, ఒక గింజయైనను రాలని జిపెలే నేలతో.

ఈ పద్ధతి అన్ని చోట్ల పనికిరాదు. సంవత్సరమునకు 800 మిల్లీమీటర్లకు మించి వాన గల చోట గోతులలో నీరు నిలిచి పైరు వేరు కుళ్ళును. వట్టి ఇసుక నేలలలో గోతులు పూడిపోవును.

రాతి వరుసలు

1979 నుండి ఆక్స్‌ఫాం సంస్థవారు యాతెంగాలో చెట్లు పెంచుటకై నీటిని నిలుపు పద్ధతులు చూపిరి. రైతులకు చెట్లకంటె తిండిగింజలే ముఖ్యమని తోచెను. వారు తమ చేలలో వాలుకు అడ్డముగా రాళ్ళు పేర్చుటకే మొగ్గుచూపిరి. సంస్థవారు పట్టుపట్టక, రైతులు కోరిన దానినే బాగుచేసిరి. ఇది మెచ్చుకొనదగిన విషయము.

ఇచటి చిక్కు ఒకటే. భూమి వాలు ఎంత స్వల్పమనగా, సమతలపు గీత కంటికి తెలియదు. దీనికి వారు వాడిన పరికరము సన్నని పారదర్శకపు గొట్టము, రెండు కర్రలు. గొట్టపు రెండు కొనలను రెండు కర్రలకు కట్టి, నీరు నింపి, ఇద్దరు చెరియొక కర్ర పట్టుకొని నడుతురు. రెండు కర్రల మీదను నీటి మట్టము ఒకే గురుతు వద్ద నిలిచినచో ఆ రెండు చోట్లు ఒకే ఎత్తున ఉన్నవన్నమాట. చదువురాని రైతులు కూడ ఒకటి రెండు దినములలో ఈ పని నేర్చుకొనిరి. ఆ గీత వెంట రాళ్ళు పేర్చుదురు. రాళ్ళ సందులలో నుండి నీరు మెల్లగా జారును కాని గట్టును తెంపదు. మట్టి, ఆకులు ఎగువన నిలిచిపోవును. మట్టికట్టకు ఈ గుణము లేదు.

పొరుగు దేశమునకు వ్యాపించిన విధము

1989లో నైజరు దేశపు ఇల్లేలా ప్రాంతము నుండి 13 మంది రైతులను యాతెంగాకు తీసికొనిపోయిరి. గోతులను చూచిన వెంటనే ఇవి తమ పెద్దలు విడిచిపెట్టిన తస్సా గోతులేనని వారు గుర్తించిరి. తిరిగివచ్చి ఆ సంవత్సరము నాలుగు హెక్టార్లలో త్రవ్విరి. అందులో ఒక చేను పెద్ద బాట ప్రక్కన ఉండెను. మరుసటి సంవత్సరము 70 హెక్టార్లలో త్రవ్విరి. ఆ సంవత్సరమే, 1990లో, వానలు తప్పెను. పంట పదియో పరకయో దక్కినది ఈ గోతుల చేలలోనే. దానిని బాటవెంట పోవువారందరును చూచిరి. అటుపిమ్మట ఎవరును ప్రచారము చేయనక్కరలేకపోయెను. ఎవరికిని అక్కరలేని గట్టినేలలను ధర పెట్టి కొనువారు కూడ బయలుదేరిరి.

నైజరులోనే మరాడి ప్రాంతమున వేరొక మార్పు వచ్చెను. విత్తుటకు ముందు పొదల మోళ్ళను నరికివేయుట అచటి వాడుక. చెట్లులేని చేలలో గాలికి ఇసుక లేచి సజ్జ మొలకలను కప్పివేయుటచే రైతులు మూడు నాలుగు పర్యాయములు తిరిగి విత్తవలసివచ్చుచుండెను. 1983 ప్రాంతమున టోనీ రినాడో అను ఆస్ట్రేలియా దేశస్థుడు, క్రొత్త మొక్కలు నాటుటకంటె ఆ మోళ్ళ నుండి వచ్చు పిలకలలో బలమైన కొన్నింటిని ఉంచి తక్కినవి కత్తిరించుట మేలని రైతులకు చెప్పనారంభించెను. ఖర్చులేని పని. అయినను మొదట జంకిరి. దానికి ముఖ్య కారణము చట్టము: చేనిలో మొలిచినను చెట్టు ప్రభుత్వముదే అనుచుండిరి. కొమ్మ నరికిన జరిమానా! తనది కాని చెట్టును ఎవరు కాచెదరు? అధికారులు ఈ పట్టు సడలించిన పిమ్మటనే చెట్లు పెరిగినవి. తరువాతి పాతిక సంవత్సరములలో సుమారు 50 లక్షల హెక్టార్లలో చేలు చెట్లతో నిండెను.

మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థకు నైజరులోని సదోరే వద్ద ఒక పరిశోధనా కేంద్రము కలదు. విత్తు పాదునకు సీసా మూతెడు, అనగా సుమారు ఆరు గ్రాముల రసాయనిక ఎరువు మాత్రమే వేయు పద్ధతిని ఆ సంస్థవారు సహేలులో వ్యాప్తిలోనికి తెచ్చిరి. బస్తా కొనలేని రైతు కూడ మూతెడు వేయగలడు.

స్వీకరింపలేనివారు

గోతుల ప్రయోజనము తెలిసియు త్రవ్వనివారు అనేకులు కలరు. వారిని సోమరులనుట తగదు. గట్టినేలలో ఒక మనిషి దినమునకు నాలుగు గంటలు పనిచేసినచో హెక్టారు త్రవ్వుటకు సుమారు మూడు నెలలు పట్టును. ఆ ఎండకాలముననే పడుచువారు కూలికై దూరదేశములకు పోవుదురు. ఇంట మిగిలినది వృద్ధులు, ఆడువారు. వితంతువునకు గోతులు త్రవ్వువారెవరు? పశువులు లేనివానికి ఎరువు ఎక్కడిది? ఎరువు లేని గోతి పైరును మొలిపించును కాని గింజను నింపదు. పూర్వము పశువుల కాపరులు కోత అనంతరము చేలలో మందలు నిలిపెడివారు. అది క్రమముగా తగ్గెను. 2015 తరువాత బుర్కినా ఫాసో ఉత్తర భాగమున సాయుధ దాడుల వలన ఎందరో రైతులు బాగుచేసికొన్న చేలనే విడిచి వలసపోవలసివచ్చెను.

శ్రమ తగ్గించుటకై ఎడ్లచే సన్నని కర్రును నిలువున అడ్డమున లాగించి, చాళ్ళు కలియు చోట గోతులు తీయు పద్ధతిని అక్కడి పరిశోధకులు రూపొందించిరి. దానివలన పని మిక్కిలి తేలికయగును గాని, ఎడ్లుగలవారికే అది అందును. ఎడ్లు లేనివారు ఇరుగుపొరుగుతో చేయి కలిపి, ఒకరి చేనిలో ఒకరు పనిచేయుచు, ఏటికి కొంత చొప్పున త్రవ్వుకొని పోవుదురు.