దాణాలో నూనె లెక్క తెలిస్తే కొలువుంది

బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఫార్మా కంపెనీ, కాదంటే బీఈడీ. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కోళ్ల దాణా తయారుచేసే ఫీడ్ మిల్లుకూ కెమిస్టు కావాలి. ఆ పని ఎలా ఉంటుందో నూనె ఒక్కదాన్ని చూస్తే అర్థమవుతుంది.

చివరి దశలో బ్రాయిలర్ తినే దాణాలో కిలోకు 3,100 కిలో కేలరీలకు తగ్గకుండా శక్తి ఉండాలి. మొక్కజొన్నలో 3,300 చిల్లర ఉన్నా, ప్రొటీన్ కోసం సోయా చెక్క కలిపేసరికి అది పడిపోతుంది. ఆ లోటు పూడ్చేది నూనె. సోయా నూనెలో కిలోకు 8,800 దాకా ఉంటుంది. టన్ను దాణాలో 10 కిలోల మొక్కజొన్న తీసి అంతే నూనె పోస్తే, కిలో దాణాకు సుమారు 55 కిలో కేలరీలు పెరుగుతాయి. నూనె అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి తక్కువ కాబట్టి వేసవిలో కోడికి ఇది మేలు.

శక్తి పెరిగితే కోడి తక్కువ తింటుంది. అప్పుడూ లైసిన్, మిథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు చాలినంత అందాలంటే ఫార్ములా అంతా సరిచేయాలి. అది న్యూట్రిషనిస్టు బాధ్యత.

నూనె ట్యాంకరు మిల్లు గేటు దగ్గర ఆగగానే కెమిస్టు పని మొదలవుతుంది. శాంపిల్ తీసి తేమ, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు, పెరాక్సైడ్ విలువ చూడాలి. పెరాక్సైడ్‌కు చేసేది మీరు కాలేజీలో చేసిన థయోసల్ఫేట్ టైట్రేషనే. స్టార్చ్ నీలిరంగు పోయిన చుక్క దగ్గర బ్యూరెట్ కట్టేయాలి. అంకె తక్కువ వచ్చిందని ధీమా వద్దు. బాగా పాడైన నూనెలో పెరాక్సైడ్లు విరిగిపోయి అంకె తగ్గి కనిపిస్తుంది. కనరు వాసన పట్టే ముక్కు కూడా కావాలి. అలాంటి నూనె దాణాలో కలిస్తే విటమిన్ ఎ, ఇ నశిస్తాయి. రైతు డబ్బు పెట్టి కొన్న దాణా అది. ఆ ట్యాంకరును వెనక్కి పంపే ధైర్యమే కెమిస్టుకు అసలు అర్హత అని నా నమ్మకం.

న్యూట్రిషనిస్టు కావాలనుకునే బైపీసీ విద్యార్థులు నీట్ రాసి, ఐదున్నరేళ్ల బీవీఎస్సీ, ఆపైన యానిమల్ న్యూట్రిషన్‌లో ఎంవీఎస్సీ చేయాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. కోళ్ల పరిశోధన సంచాలకాలయం కూడా హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లోనే ఉంది. తక్కువ ఖర్చులో ఫార్ములా కట్టడానికి వాడేది లీనియర్ ప్రోగ్రామింగ్, కాబట్టి బైపీసీ వాళ్లు లెక్కలకు భయపడితే కుదరదు.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు దగ్గర్లోని ఫీడ్ మిల్లుకు వెళ్లి, ల్యాబ్‌లో నెల రోజుల ప్రాజెక్టు అడగండి.