మెట్ట రైతునకు ఉపవృత్తి: పట్టుపురుగుల పెంపకము

చిత్తూరు సీమ పడమటి ప్రాంతపు రైతు చిరకాలముగా వేరుసెనగ మీదనే ఆధారపడి యున్నాడు. తొలకరికి విత్తి, ఊడలు దిగు వేళకు వాన తప్పినచో ఆ యేటి పెట్టుబడి మట్టిలో కలియును. బావి క్రింద టమాటా నాటిన రైతు స్థితియు ఇంతకంటె నిలుకడయైనది కాదు. ఒక నెలలో మదనపల్లె మార్కెట్టున మంచి ధర పలికిన కాయ, మరుసటి నెలలో కోతకూలికైనను చాలక చేనియందే విడువబడుట అచ్చటివారందరు ఎరిగినదే. ఇట్టి రైతు ఒక పెద్ద పంటను విడిచి వేరొక పెద్ద పంటకు దూకుట మేలు కాదు. ఉన్న సేద్యమును కొనసాగించుచు, అరయెకరము, ఎకరము భూమితోను ఇంటివారి శ్రమతోను రెండు మూడు నెలలకు ఒకసారి రొక్కము చేతికి వచ్చు ఉపవృత్తి యొకటి అతనికి అవసరము.

పాడి అందరు ఎరిగిన వృత్తియే. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు తూర్పు పల్లములలో వేసవి వేడి 40 డిగ్రీలు దాటుట సామాన్యము గనుక అచ్చటి రైతునకు పాడియు పూలతోటయు తగినవి. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతముల సంగతి వేరు. ఈ ఊళ్లు సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. పట్టుపురుగునకు 24 మొదలు 28 డిగ్రీల వేడియు, గాలిలో తగినంత తేమయు కావలెను. నడివేసవి తప్ప తక్కిన కాలమున ఈ ఎత్తు ప్రదేశములలో అట్టి వాతావరణము పెద్ద వ్యయము లేకయే లభించును. పొరుగున నున్న మైసూరు దేశములో పదునెనిమిదవ శతాబ్దపు చివరి భాగమున టిప్పు సుల్తాను ఈ వృత్తిని ప్రోత్సహించెను. ఆ నేలయు ఈ నేలయు ఒకే పీఠభూమి. గూళ్లు అమ్ముటకు మదనపల్లె, హిందూపురము, సరిహద్దు కావల శిడ్లఘట్ట, రామనగరము మార్కెట్లు కలవు. మదనపల్లె చెంతనే నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గములు ఆడుచున్నవి.

ఈ వృత్తిలో నష్టపడినవారిలో పలువురు పురుగు చేత గాక ఆకు చేత నష్టపడినవారే. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప వేరొకటి తినదు. మల్బరీని పెద్దలు కంబళి చెట్టని పిలుచుట కలదు. కావున మొదట తోట, తరువాత గ్రుడ్లు. మైసూరునందలి కేంద్ర పట్టు పరిశోధనా సంస్థవారు 1997లో విడుదల చేసిన వి-1 అను రకము నీటివసతి గల భూములకు మిక్కిలి తగినది. దీనిని జంటసాళ్ల పద్ధతిని, సాళ్ల నడుమ ఒకమారు 5 అడుగులు, ఒకమారు 3 అడుగులు, మొక్కల నడుమ 2 అడుగులు ఎడముంచి నాటినచో ఎకరమునకు సుమారు 5,400 మొక్కలు పట్టును. ఏటికి ఎకరమునకు 8 టన్నుల పశువుల ఎరువును, 140 కిలోల నత్రజనిని, 56 కిలోల చొప్పున భాస్వరమును పొటాషును, ఐదు పంటలకు పంచి వేయవలెను. బిందుసేద్యము ఉన్నచో స్వల్ప నీటితోనే తోట నిలుచును. నాటిన ఆరు నెలల వరకు పురుగుల మాట తలపెట్టరాదు. చక్కగా పోషించిన తోట పండ్రెండు, పదునైదేండ్లు ఆకు నిచ్చును.

గ్రుడ్లు ఎన్ని తేవలెనన్నది తోట చూచి నిర్ణయింపవలసినది గాని, మార్కెట్టు ధర చూచి కాదు. నూరు గ్రుడ్ల మోపులకు, అనగా నూరు తల్లి సీతాకోకలు పెట్టిన సుమారు నలుబది, ఏబది వేల గ్రుడ్లకు, మొత్తము మీద వేయి కిలోల ఆకు కావలెను. తోటలో వేర్వేరు చోట్ల పది మొక్కల ఆకును కోసి తూచి, సగటు కట్టి, మొక్కల సంఖ్యతో హెచ్చింపవలెను. అరయెకరములో 2,700 మొక్కలుండి, మొక్కకు సగటున 600 గ్రాములు వచ్చినచో ఆకు 1,620 కిలోలు. వాడిపోవునది, తెగులు తగిలినది, పొలిమేర సాళ్లలో పనికిరానిది పదవ వంతు తీసివేయగా 1,458 మిగులును. అట్టి రైతు 140 మోపులకు మించి తేరాదు. ధర హెచ్చుగా నున్నదని 200 తెచ్చినవాడు మూడు వారముల వరకు సంతోషముగానే యుండును. ఏలయనగా పురుగు మొదటి రెండు దశలలో మొత్తము ఆకులో పదవ వంతైనను తినదు; ఐదవదియగు చివరి దశలోని ఏడెనిమిది దినములలోనే ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్లు తినివేయును. ఆ దినములలో ఆకు తరిగినచో ఊరూర ఆకు కొనవలెను, లేదా నెలదినముల శ్రమను దిబ్బలో పారబోయవలెను. అరకడుపు పురుగు కట్టిన గూడు పలుచనై, తూకమునకును దారమునకును చాలదు.

పెంపకపు గదికి గాలియు వెలుతురును రావలెను గాని ఎండ తగులరాదు. పురుగులు తెచ్చుటకు ముందు గదిని, తట్టలను, చంద్రికలను కడిగి ఆరబెట్టి, నూటికి 2 పాళ్ల బ్లీచింగు పొడియు 0.3 పాలు ఆరిన సున్నమును కలిపిన నీటితో తడిసిపోవునట్లు పిచికారి చేయవలెను. ఈ పని కష్టమని పైపైన కానిచ్చుట కలదు. పురుగులకు వచ్చు పాలరోగము, సున్నపుకట్టు రోగము మున్నగువాని బీజములు వెనుకటి పంటనుండి గోడల పగుళ్లలోనే దాగియుండును. ఒకమారు రోగము తగిలిన పురుగునకు మందు లేదు.

గ్రుడ్ల ద్వారమున సంక్రమించు పెబ్రిన్ అను రోగము మరింత ఘోరమైనది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ అది ఫ్రాన్సు దేశపు పట్టు పరిశ్రమను నేలమట్టము చేయగా, లూయీ పాశ్చరు 1865 మొదలు ఐదేండ్లు అచ్చట పనిచేసి, తల్లి సీతాకోకను సూక్ష్మదర్శినితో పరీక్షించి రోగము లేనిదాని గ్రుడ్లనే పెంపకమునకు ఉంచు పద్ధతిని స్థిరపరచెను. నేటికిని ఆధారము ఆ పద్ధతియే. పరీక్ష జరుగని గ్రుడ్లు ఎంత చౌకగా దొరకినను కొనరాదు. క్రొత్తగా ప్రారంభించు రైతు గ్రుడ్లకు బదులు, రెండవ జ్వరము దాటిన చాకీ పురుగులను నమ్మకమైన చాకీ కేంద్రమునుండి తెచ్చుకొనుట మేలు. లేత పురుగునకు వేడి, తేమ, లేత ఆకు మూడును కొలతగా నుండవలెను; ఆ నేర్పు ఒకటి రెండు పంటలలో వచ్చునది కాదు.

పురుగు నాలుగు మారులు పొర విడుచును. దీనినే రైతులు జ్వరమందురు. జ్వరమున నున్న పురుగునకు ఆకు వేయరాదు. పడకపై సున్నపు పొడి చల్లి పొడిగా నుంచవలెను. నూటికి తొంబదికి పైగా లేచిన తరువాతనే మరల ఆకు వేసినచో పురుగులన్నియు ఒక్క తీరున పెరుగును.

టమాటా పండించు ప్రాంతములకు ప్రత్యేకమైన అపాయ మొకటి కలదు. ప్రక్క చేనిలో చల్లిన పురుగుమందు గాలికి మల్బరీ ఆకుపై పడినచో, కంటికి కనుపింపని ఆ తుంపరయే గది నిండ పురుగులను ఒక్క పూటలో చంపగలదు. టమాటా పురుగును చంపు మందు పట్టుపురుగును విడుచునా? తోటకు స్థలము ఏర్పరచునపుడే గాలివాటము చూడవలెను. పొరుగు రైతుతో ముందుగా మాటలాడి, మందు చల్లు దినము తెలిసికొనవలెను. అనుమానము కలిగిన సాళ్ల ఆకును మొదట పది పురుగులకు వేసి, ఒక పూట చూచి, పిదప తక్కినవానికి వేయవచ్చును. తన పొలమున తానే టమాటా పెట్టిన రైతు మందు కొట్టిన బట్టలతో పెంపకపు గదిలో అడుగు పెట్టరాదు.

ఊజి ఈగ వేరొక శత్రువు. ఇది 1980లో కర్ణాటకమునకు వచ్చి, తరువాత ఈ సీమకును వ్యాపించెను. పురుగు మీద తెల్లని చిన్న గ్రుడ్డు పెట్టును. దానినుండి వచ్చిన పిల్ల పురుగును లోపల తిని, తుదకు గూటిని తొలిచి బయటపడును. తొలి పడిన గూడు దారము తీయుటకు పనికిరాదు. కిటికీలకును వాకిళ్లకును నైలాను వలలు కట్టి, వాకిటికి ముందొక చిన్న గది ఏర్పరచుటయే దీనికి ముఖ్యమైన నివారణ.

పండిన పురుగులను చంద్రికలకు ఎక్కించిన పిదప రెండు మూడు దినములలో గూడు ముగియును. ఆత్రపడి మూడవనాడే కోసినచో లోపలి పురుగు నలిగి గూటికి మరక పట్టును. సంకర జాతులను అయిదారు దినములకును, బైవోల్టీను జాతులను ఆరేడు దినములకును కోయవలెను. మరక గూళ్లను, జంట గూళ్లను, పలుచని గూళ్లను వేరుచేసి మంచివానినే రాశిగా పోసినచో మార్కెట్టున ధర నిలుచును. నూరు మోపులకు 60, 70 కిలోల గూళ్లు మంచి పంట.

లెక్క వ్రాయునపుడు గ్రుడ్లు, ఎరువు, బండి కూలి వ్రాసి, మిగిలినదెల్ల లాభమనుకొనుట పరిపాటి. ఆకు కోయుటయు, రాత్రి లేచి మేపుటయు, పడకలు మార్చుటయు హెచ్చు భాగము ఇంటి ఆడువారే చేయుదురు. వారి కూలిని ఊరి ధర చొప్పున వ్రాసి, గూళ్ల ధర తగ్గిన పంటలోను ఏదేని మిగులుచున్నదా యని చూడవలెను. మిగులనిచో గ్రుడ్లు హెచ్చించుట వలన ప్రయోజనము లేదు. తోటకు ఎరువు చాలెనా, గది శుద్ధి జరిగెనా యని వెదకవలెను. చివరి దశలో వారము దినములు ఇంటివారికి నిద్ర కరవగును. ఆ వారము వేరుసెనగ కోతతో గాని, ఇంట శుభకార్యముతో గాని కలియకుండ పురుగులను దింపు తేదీ ముందే నిర్ణయించుకొనవలెను.

చైత్రవైశాఖములలో బోరు అడుగంటు రైతు ఏటికి ఐదు పంటలను ఆశింపరాదు. వానకాలమునను శీతకాలమునను మూడు పంటలు తీసి, వేసవిలో తోటను కత్తిరించి, ఉన్న కొద్ది నీటిని వేళ్లు చావకుండుటకు వాడుకొనుట అతనికి చాలును. మిగులు ఆకును, పురుగులు తినివిడిచిన కొమ్మలను పశువులకు వేయవచ్చును. పాడి ఉన్న యింట ఇది వ్యర్థము కాదు.